లూపులైను కొలువు

రైల్వే పోలీసుశాఖలో బదిలీల జాబితా వెలువడిన దినమున పత్రికలలో దానికి లభించు స్థలము మూడంగుళములకు మించదు. ఒక ఇనస్పెక్టరును ఒక ఠాణానుండి మరియొక ఠాణాకు మార్చిరనియు, ఒక హెడ్డు కానిస్టేబులునకు పదోన్నతి కలిగెననియు, ఒక వృద్ధోద్యోగి కొలువు చాలించుకొనగా సహోద్యోగులు పూలమాలలు వైచి సాగనంపిరనియు అందుండును. పాఠకులు దానిని దాటి ధాన్యపు ధరల పట్టికకు పోవుదురు. నిజము చెప్పవలసినచో మేమును చిరకాలము అట్లే పోవువారమై యుంటిమి.

గడచిన యేట నంద్యాల స్టేషనులో రాత్రి బండికై వేచియున్నప్పుడు మా యభిప్రాయము మారినది. బల్లమీద మా ప్రక్కన కూర్చున్న వృద్ధుడు ఆళ్లగడ్డ ప్రాంతపు రైతు. చేతిలో గుడ్డసంచి, అందు ప్లాస్టికు కవరులో మడిచిపెట్టిన ఒక కాగితము. బంధువులయింట శుభకార్యమునకు పోయి మరలివచ్చుచుండగా రైలులో నిద్దురవేళ ఆయన భార్య తలక్రింద పెట్టుకొన్న సంచి పోయినది. అందు ఆమె మెడ గొలుసు. ఇచ్చటికి చాల దూరమున నున్న ఒక జంక్షనులో ఫిర్యాదు వ్రాసికొనిరి. దాని పేరుతో మనకు పని లేదు. ఆ కాగితమే ఈ కాగితము. పదునాలుగు నెలలలో ఆ ఠాణాలో ముగ్గురధికారులు మారిరట. కేసు మాటేమని మే మడిగినంతట ఆయన కోపగింపలేదు, నవ్వెను.

“సామీ, మా తట్టు రైలే పోదు. ఆయప్పను అడగల్లంటే బస్సెక్కి నంద్యాలకు రావల్ల, ఈడ రైలెక్కి రాత్రంతా పోవల్ల. తీరా పోతే ఆయప్ప యాడికో మారిపొయినాడంటారు. కొత్తాయప్ప కుర్చీలో కూచ్చోని, ఏం పెద్దాయనా, ఏం జరిగింది, మొదుట్నించి చెప్పు అంటాడు. నేను మొదుట్నించి చెప్పల్ల.”

మూడంగుళముల వార్త యనగా ఈ వృద్ధునికి మూడుమార్లు మొదటినుండి చెప్పుకొనుట యన్నమాట. శాఖలోపలి సంగతి, మనకేల యని ఉపేక్షించితిమే, అది లోపలి సంగతి కాదు.

ముందుగా ఈ దళము లెవ్వరివో తెలిసికొనుట యవసరము. మేము విచారించినంతవరకు, నంద్యాలలో చదువుకొన్న పెద్దమనుష్యులలో సైతము పలువురకు ప్లాటుఫారము మీద తిరుగు ఖాకీ దుస్తులవారు రెండు వేర్వేరు దొరతనముల నౌకరులని తెలియదు. ఒకరు రాష్ట్రప్రభుత్వపు రైల్వే పోలీసులు. మన రాజ్యాంగములోని ఏడవ షెడ్యూలున రెండవ పట్టిక, అనగా రాష్ట్రముల పట్టిక, రెండవ యంశమున పోలీసు అను మాట వ్రాసి, రైల్వే పోలీసులును గ్రామ పోలీసులును అందు చేరుదురని స్పష్టపరచినది. రైళ్లు మాత్రము కేంద్రమువారివి. ఇల్లొకరిది, కావలి మరియొకరిది. ఈ కావలివారి వ్యయమును రాష్ట్రమును రైల్వేవారును చెరిసగము భరింతురు. కావున ఒక ఠాణాకు నలుగురు కానిస్టేబుళ్లను హెచ్చింపవలెనన్నను ఉభయుల సమ్మతి కావలయును. సగము సగము పెట్టుకొను పొత్తు వ్యవసాయమున బావి పూడిక ఎవరు తీయించవలెనను వివాద మెంతకాలము సాగునో మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవవారు రైల్వే రక్షకదళమువారు. తెల్లదొరల కాలమున రైల్వే కంపెనీలు తమ సరకులకు కాపలాగా ‘వాచి అండు వార్డు’ అను పేర జవానుల నుంచుకొనెడివి. స్వాతంత్ర్యానంతరము 1957లో పార్లమెంటు శాసనము చేసి ఆ కాపలావారికి దళముయొక్క రూపము నిచ్చినది. 1985లో శాసనమును సవరించి దానిని కేంద్ర సాయుధబలముగా చేసిరి. వీరి మొదటి పని రైల్వే ఆస్తిని కాపాడుట. 1966 నాటి శాసనము ననుసరించి రైల్వే ఆస్తి దొంగసొత్తుగా ఎవరియొద్ద దొరకినను వీరే విచారించి కోర్టుకు పంపవచ్చును. 2003 నాటి సవరణచే ప్రయాణికుల రక్షణము కూడ వీరి విధులలో చేరినది. కాని ప్రయాణికుని సంచి దొంగిలించినవాడు పట్టుబడెనా, వానిని రాష్ట్రపు రైల్వే పోలీసులకు అప్పగింపవలసినదే. రైలుపట్టా దొంగ యొకరి పాలు, గొలుసు దొంగ వేరొకరి పాలు! సొమ్ము పోయినవాడు ఈ విభజనమును నేర్చుకొనుసరికి బండి తరువాతి స్టేషను దాటును.

ఇది చాలదన్నట్లు సరిహద్దులు వేరు. నంద్యాల స్టేషను 2003 ఏప్రిలున ఏర్పడిన గుంటూరు రైల్వే విభాగములోనిది. మన ప్రాంతపు రైళ్లు గుంటూరు, గుంతకల్లు, విజయవాడ విభాగముల మీదుగ నడచును. రాష్ట్ర పోలీసువారి రైల్వే జిల్లాలో, విజయవాడ గుంతకల్లు అను పేర రెండు. 2014లో రాష్ట్రము చీలినప్పుడు సికింద్రాబాదు తెలంగాణమునకు పోయినది. విభాగములు మూడు, పోలీసు జిల్లాలు రెండు. ఒకదాని గీత రెండవదానితో కలియదు. ఇక విశాఖపట్టణము కేంద్రముగా దక్షిణకోస్తా రైల్వే మండలమును 2019 ఫిబ్రవరిలో ప్రకటించిరి. దాని కార్యాలయమునకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగినది. ఈ మూడు విభాగములును ఆ మండలమునకే చెందవలెనని నిర్ణయము. మండలము మారిన రక్షకదళములో జ్యేష్ఠతా పట్టికలు మారును, బదిలీ పరిధులు మారును, ఎవ రెచ్చట మిగులుదురను ప్రశ్న పుట్టును. శంకుస్థాపన చిత్రములు అన్ని పత్రికలలో పడినవి. నంద్యాల ప్లాటుఫారము మీద లాఠీ పట్టుకొని నిలిచిన జవానునకు తన పిల్లల బడి ఏ యూరిలో నుండవలెనో తెలియుట ఆ చిత్రములవలన జరుగదు.

రైల్వే పోలీసుశాఖలో దారుణమైన మాట యొకటి కలదు. దానిని ఆ శాఖవారే వాడుదురు: లూపులైను. ప్రధానమార్గమున వేగపు బండి పోవునప్పుడు నెమ్మది బండ్లను ప్రక్కకు తప్పించి నిలుపు పట్టాకు రైల్వేలో ఆ పేరు. పోలీసు పరిభాషలో, పలుకుబడి లేని యధికారిని, పైవారి మాట విననివానిని, కొన్ని సమయములందు నిజముగనే తప్పు చేసినవానిని పంపు కొలువునకు లూపులైను అని పేరు. రైల్వే పోలీసుశాఖ అట్టి లూపులైనులలో నొకటిగా చిరకాలమునుండి గణింపబడుచున్నది. రైలు భాషలోని మాట రైలు పోలీసులకే నిందావాచకమై తగులుట విధివైపరీత్యము. జిల్లా పోలీసుశాఖనుండి కొంతకాలమునకై పంపబడిన వాడు, ఎప్పుడు తిరిగిపోదునా యని దినములు లెక్కించుకొనుచు కూర్చుండినయెడల, పదునాలుగు నెలల క్రిందటి గొలుసు కేసు మీద వానికి మనసెట్లు నిలుచును? వానిని నిందింపము. వానిని శిక్షగా పంపినవారి తెలివిని నిందింతుము. లక్షలాది ప్రయాణికుల ప్రాణధనములను కాపాడు కొలువు శిక్ష యెట్లగును?

ఈ వ్యాధికి ఔషధము లేకపోలేదు. 1977లో నియమింపబడిన జాతీయ పోలీసు సంఘమువారు ధర్మవీరగారి యాధ్వర్యమున 1979 మొదలు 1981 వరకు ఎనిమిది నివేదికల నొసంగిరి. అవి అల్మైరాలలో నిదురించెను. 1996లో విశ్రాంత పోలీసు డైరెక్టరు జనరలు ప్రకాశసింగుగారు సుప్రీముకోర్టు మెట్లెక్కిరి. పదేండ్లకు, 2006 సెప్టెంబరు 22వ తేదీన, తీర్పు వెలువడినది. అందు మనకు కావలసిన యంశము లివి: ఠాణాధికారిని కనీసము రెండేండ్లు ఒకచోట నుంచవలెను, డిప్యూటీ సూపరింటెండెంటు మొదలు క్రిందివారి బదిలీలను పోలీసు ఉన్నతోద్యోగుల మండలి నిర్ణయింపవలెను, మంత్రులు కాదు. క్రమశిక్షణచర్య, శిక్ష, అశక్తత మొదలగు హేతువు లున్నప్పుడే రెండేండ్లలోపల కదల్పవచ్చును. ఠాణా యనగా రైల్వే ఠాణా కాదని ఆ తీర్పులో నెచ్చటను లేదు. పదునాలుగు నెలలకు ముగ్గురధికారులను చూచిన వృద్ధుని లెక్క ఈ తీర్పుతో ఎట్లు పొసగునో శాఖాధిపతులు సెలవీయవలెను.

ఇచ్చట నొక చిక్కున్నది. ఈ సంగతిని ఆ శాఖలోని చిన్నయుద్యోగి మాకు చెప్పజాలడు. 1966 నాటి పోలీసు హక్కుల నిబంధన శాసనము, అనుమతి లేనిదే పోలీసువాడు సంఘములలో చేరరాదనుటయే గాక, పత్రికలతో మాటాడరాదని కూడ విధించినది. రైల్వే రక్షకదళపు శాసనములోను అట్టి నిషేధమే కలదు. క్రమశిక్షణగల దళములకు కొంత మౌన మవసరమని మేమును ఒప్పుకొందుము. కాని ఫలిత మేమైనదనగా, ఆ దళముల లోపలినుండి వెలుపలికి వచ్చు వార్త బదిలీ జాబితా యొక్కటే. ఎన్ని కొలువులు ఖాళీగా నున్నవి, ఒక్కొక్క కానిస్టేబులు ఎన్ని రాత్రులు వరుసగా బండ్లలో తిరుగుచున్నాడు, స్త్రీ కానిస్టేబుళ్లకు దుస్తులు మార్చుకొను గది కలదా, అను వార్తలు జాబితాలో నుండవు. జాబితాలోని పేరులను చూచి ఆ పేరుల వెనుకనున్న ఖాళీలను మనమే చదువుకొనవలెను.

ఖాళీల కథ వినుడు. రాష్ట్ర పోలీసుశాఖలో 6,100 కానిస్టేబులు కొలువులకు 2022 నవంబరులో ప్రకటన వెలువడినది. తొలి పరీక్ష 2023 జనవరిలో జరిగినది. తుది ఫలితములు 2025 ఆగస్టులో గాని రాలేదు. ప్రకటన నాటికి పుట్టిన బిడ్డ ఫలితముల నాటికి పలకమీద దిద్దనారంభించును. రైల్వే పోలీసులకు మనుష్యులు వచ్చుట ఈ చెరువునుండియే గదా. చెరువు నిండక కాలువ పారునా? కేంద్రపు రక్షకదళమువారు 2024లో 452 సబిన్‌స్పెక్టరు కొలువులకును 4,208 కానిస్టేబులు కొలువులకును ఒకేమారు దరఖాస్తులు కోరిరి. దేశమంతటికి చేరిన సంఖ్య యిది. అందు నంద్యాల భాగమున కెందరో యని వ్రేళ్లు మడిచిన చేతులు చాలును. వారమున కొకదినము పోలీసువారికి విశ్రాంతి యని 2019 జూనులో మన రాష్ట్రమున ప్రకటించిరి. మనుష్యులు లేనిచోట విశ్రాంతి కాగితమునకే దక్కును.

నంద్యాల స్టేషనులో రాత్రివేళ కొంతసేపు కూర్చుండి చూచిన వారికి ఈ కొలువులోని శ్రమ తెలియును. బెంగుళూరు వైపునుండి భువనేశ్వరమునకు ప్రశాంతి, పశ్చిమమునుండి కోస్తాకు అమరావతి, బందరునకు కొండవీడు. అన్నియు దూరపు బండ్లు; నిదురమత్తులోనున్న జనము. నంద్యాల దాటి గాజులపల్లె విడిచినంతట నల్లమల మొదలగును. దిగువమెట్ట వరకు అడవియు, కొండలును, సొరంగమును. ఆ చీకటిలో ఒక పెట్టెలో దొంగతనము జరిగినచో అది ఏ స్టేషనుల నడుమ జరిగినదో సొమ్ము పోయినవానికే తెలియదు. తెల్లవారి లేచి తడవి చూచుకొనుసరికి మూడు ఠాణాల హద్దులు దాటియుండును. పూర్వము ఇది మాది కాదు, వెనుకటి స్టేషనువారిది యని త్రిప్పి పంపుట పరిపాటి. 2024 జూలై 1వ తేదీనుండి అమలైన కొత్త విధానస్మృతి 173వ నిబంధనము ఈ సాకును మూసివేసినది. నేరమెచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు స్వీకరింపవలసినదే. దానినే జనులు సున్న నెంబరు ఎఫ్.ఐ.ఆర్. అందురు. ఆళ్లగడ్డ రైతు ఆళ్లగడ్డ ఠాణాలోనే తన రైలు ఫిర్యాదు నీయవచ్చునని దీని యర్థము. ఈ మాట మా పాఠకులు తమ గ్రామములలో పదుగురకు చెప్పుదురుగాక. ఐతే ఆ కాగితము ఆళ్లగడ్డనుండి రైల్వే ఠాణాకు చేరిన పిదప దానిని చేతబట్టు మనుష్యుడు ఉండవలెను. చట్టము కాగితమును నడపగలదు గాని కుర్చీని నింపజాలదు.

దొంగతనములే గాదు. పట్టాల మీద పడిన దిక్కులేని శవములను ఎత్తి, పంచనామా వ్రాసి, బంధువులను వెదకుట రైల్వే పోలీసుల పని. ఇల్లు విడిచి పారిపోయివచ్చిన బాలురను గుర్తించి అప్పగించుట రెండు దళములవారి పని. శివరాత్రికి మహానందికి, ఫాల్గుణమున అహోబిల బ్రహ్మోత్సవములకు దూరదేశములనుండి వచ్చు జనము నంద్యాలలో దిగును. ఆ దినములలో తప్పిపోయిన ముసలమ్మలను మరల తమవారితో కలిపిన కానిస్టేబులు పేరు ఏ జాబితాలోను రాదు. పదవీవిరమణ దినమున వాని మెడలో వేయు పూలదండలో ఆ పని యున్నదని మే మిప్పుడు గ్రహించితిమి.

ఈ మార్గమున సామాన్యుడైన రైలు నౌకరు చూపిన ధైర్యమును మన సీమ మరువలేదు. 1893 అక్టోబరులో గుంతకల్లు కడ తెల్లసోల్జర్లు ఇద్దరు స్త్రీలను వెంటాడగా, వారికి తన గేటు గదిలో అభయమిచ్చి గుండు దెబ్బకు ప్రాణములు విడిచినవాడు గూళపాళ్యము హంపన్న; రైలు గేటు కావలివాడు. చంపినవాడు చెన్నపట్టణపు హైకోర్టులో నిర్దోషిగా వదలబడెను. గుత్తిలో హంపన్నకు స్మారకశిల వెలసినది. ఆనాడు ఆ కావలివాని జీతమును గూర్చిగాని, వాని రక్షణమును గూర్చిగాని, కంపెనీవారి పత్రములలో పంక్తియైనను ఉండెనో లేదో, శిల మాత్ర మున్నది. చిన్న కొలువువానిని చచ్చిన తరువాత గుర్తించుట మనకు అలవాటు.

ఇక ఆళ్లగడ్డకు ఈ గోల యేల యందురా? రైలు లేని తావునకు రైలు పోలీసుల జాబితాతో నేమి పని? నంద్యాల ఎఱ్ఱగుంట్ల మార్గము 1996-97లో మంజూరై ఇరువదేండ్లకు, 2016 ఆగస్టులో, పూర్తిగా తెరువబడినది. ఆ మంజూరుకాలమున దేశ ప్రధాని మన నంద్యాల లోకసభ సభ్యుడే యైనను పని కిరువదేండ్లు పట్టినది! 123 కిలోమీటర్ల ఆ మార్గము బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగ పోవును. ఆళ్లగడ్డ తూర్పున మిగిలిపోయినది. ఐనను ఆ ప్రాంతపు విద్యార్థి హైదరాబాదు పోవలెనన్నను, రోగి బెంగుళూరు పోవలెనన్నను, శిల్పి తాను చెక్కిన విగ్రహముల పనికై పరరాష్ట్రమునకు పోవలెనన్నను, రైలెక్కదలచినవానికి నంద్యాలయే ద్వారము. 2022 ఏప్రిలునుండి నంద్యాల జిల్లాకేంద్రమైనది; ఆళ్లగడ్డ ఆ జిల్లాలోనిది. ద్వారము కడ కావలివాడు ఎవడో ఇంటిలోనివారికి తెలియవలదా?

కావున మేము శాఖాధిపతులను కోరునది మిక్కిలి స్వల్పము. ప్రతి రైల్వే ఠాణా ముంగిట ఒక పలక నుంచుడు. అందు మంజూరైన కొలువు లెన్నో, నిండిన వెన్నో, ఠాణాధికారి పేరేమో, ఏ దినమున చేరెనో వ్రాయింపుడు. ఇందు రహస్య మేమియు లేదు. బడులలో పంతుళ్ల పేరులు గోడలమీద వ్రాయుచునేయున్నారు. అధికారి మారినప్పుడు పాత కేసులవారికి ఒక ఉత్తరమో, ఫోనుకు ఒక సందేశమో పంపుడు: మీ కేసు ఇక ఫలానివారి చేతిలో నున్నది యని. దీనికి కొత్త శాసనము వలదు, కొత్త పైకము వలదు. రెండేండ్ల నియమమును రైల్వే ఠాణాలలో పాటింపుడు. పాటింపలేనిచో కారణమును ఆ పలకమీదనే వ్రాయుడు. నంద్యాల వకీళ్లును వర్తకసంఘములవారును ఈ కోరికను తమదిగా చేసికొని శాఖకు వ్రాయుదురేని మా పత్రికలో దానికి మూడంగుళములకు మించి చోటిత్తుము.

ఆ రాత్రి బండి గంటన్నర ఆలస్యముగ వచ్చినది. వృద్ధుడు లేచి కాగితమును మరల కవరులో మడిచి, సంచిలోనుంచి, సంచి మూతిని రెండు ముళ్లు వేసెను. నాలుగవ యధికారి చేరి పదిదినము లైనదని ఎవరో ఫోనులో చెప్పిరట. “ఈయప్ప మంచోడంటండారు సామీ,” అని పెట్టె యెక్కెను. మేము మా పెట్టె వెదకుకొనుచు ముందుకు సాగితిమి.